పెళ్లికారుకు పాలవ్యాను ఇరుసు

1986 జూన్‌లో నన్ను పదోన్నతి మీద మెకానికల్ ఫోర్‌మన్‌గా సిద్దిపేట బస్సు డిపోకు పంపారు. ఫోర్‌మన్ అంటే గ్యారేజీకి పెద్ద. అతని కింద చార్జ్‌మన్‌లు, వాళ్ల కింద మెకానిక్కులు ఉంటారు. పైన డిపో మేనేజరు ఒక్కరే. తెల్లవారి మొదటి బస్సు వేళకు గేటు దాటిందా, దారిలో ఎక్కడైనా ఆగిపోయిందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసినవాడు ఫోర్‌మన్. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న దగ్గరికి ప్రతి ఆదివారం స్పెషల్ బస్సులు వేసేవాళ్లం. ఆ రోజుల్లో మా గ్యారేజీలో ఆదివారం అంటే సెలవు అని ఎవరూ అనుకునేవాళ్లు కాదు.

నేను చెప్పబోయేది మరుసటి సంవత్సరం మాఘమాసంలో, ఆ రద్దీ మధ్యలోనే జరిగింది. అయితే బస్సు సంగతి కాదు. ఉద్యోగకాలంలో లెక్కపెట్టలేనన్ని ఇరుసులు విప్పించాను, బిగింపించాను. వాటన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, ఎక్కువ నవ్వించింది కూడా, ఒక పాత కారు వెనక ఇరుసు.

ఆ కబురు తెచ్చినవాడు నర్సింలు. మా డిపో సిబ్బందికి ఖాకీ బట్టలు కుట్టే దర్జీ. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. చంకకర్ర ఆనించుకుని నడిచేవాడు. కొలతలు తీసుకునేటప్పుడు ఊళ్లో సంగతులన్నీ చెప్పి నవ్వించే మనిషి. ఆ రోజు మాత్రం గ్యారేజీ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

“సార్, పచ్చకారు ఎనక ఇరుసు ఇరిగింది. మీరు జరొచ్చి చూస్తరా?” అన్నాడు.

పచ్చకారు అంటే సిద్దిపేటలో తెలియనివాళ్లు లేరు. ఇంగ్లండులో తయారై, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇక్కడికి చేరిన బండి. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. గుండ్రటి ముందుభాగం, పొడవాటి వెనకభాగం, పైన తీసి మడిచే గుడ్డ టాపు. చిలకపచ్చ రంగు. మహబూబ్ బీ అనే ఆవిడ దాన్ని పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చేది. ఆవిడ భర్త ఒక కలప కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా పనిచేస్తే, కాంట్రాక్టరు ఊరు వదిలి వెళ్తూ ఆ కారు అతనికి ఇచ్చి వెళ్లాడట. భర్త పోయాక కారే ఆవిడ జీవనాధారం. హిందువుల పెళ్లయినా, ముస్లింల పెళ్లయినా, సిద్దిపేట చుట్టుపక్కల పెళ్లికొడుకు పచ్చకారులో కూర్చుంటేనే ఊరేగింపు ఊరేగింపులా ఉంటుందని జనానికి ఒక పట్టింపు.

నర్సింలుకు నంగునూరు అమ్మాయితో పెళ్లి కుదిరింది. కారు ఇస్తానని మహబూబ్ బీ అతనికి మాట ఇచ్చి ఉంది. పెళ్లికి మూడు వారాల వ్యవధి ఉంది.

“టాక్సీ మాట్లాడుకోరాదా?” అని అడిగాను.

“టాక్సీ మీద టాపు ఉంటది సార్, లోపట కూసున్నోడు కనవడడు. గుర్రం నేనెక్కలేను. ట్రాక్టరంటే నలుగురు పట్టుకొని ఎక్కియ్యాలె.” చంకకర్ర సర్దుకుని, “నన్ను ఎత్తుకునుడు వద్దు సార్. చిన్నప్పటి సంది ఎత్తుకుంటనే ఉన్నరు. గా ఒక్క దినమన్న నేను కూసున్నట్టు కూసోవాలె,” అన్నాడు.

డిపో పనిముట్లతోగాని, డిపో ఆవరణలోగాని ప్రైవేటు బండిని ముట్టుకోకూడదని మాకు నిబంధన. మేనేజరుగారికి విషయం చెప్పాను. డ్యూటీ అయ్యాక, గేటు బయట మీ చేతులు మీవే, వాటికి డిపో అనుమతి అక్కర్లేదు అని నవ్వారు. తన ఖాకీ చొక్కా కూడా నర్సింలు దగ్గరే ఉందని, పెళ్లి గొడవలో పడి అది ఆలస్యం కాకుండా చూడమని కూడా అన్నారు.

కారు మెదక్ రోడ్డు మీద ఒక వెల్డింగ్ షెడ్డులో ఉంది. వెనక ఒక చక్రం లేదు, ఆ మూల దుంగల మీద ఆనించి ఉంది. డ్రైవరు యాదగిరి దాని పక్కనే బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. కల్లు గీయడానికి తాళ్లెక్కే ఇంట్లో పుట్టి, తాడు పట్టకుండా స్టీరింగు పట్టినవాడు. ఏం జరిగిందని అడిగితే లేచి నిలబడి అభినయించి చూపించాడు.

“మిరుదొడ్డిల పెండ్లి చేసుకొని ఖాళీ బండితోని వస్తున్న సార్. మలుపు కాడ బండి కుంగినట్టయింది. అద్దంల కాదు, కండ్ల ముంగటనే చూసిన. నా చక్రం నాకంటె ముందుగాల పోతుంది! పోయి పోయి మక్కచేన్ల వడ్డది.”

దీనికి కొంచెం వివరణ కావాలి. బస్సు వెనక ఇరుసులో బరువంతా గొట్టంలాంటి హౌసింగు మోస్తుంది. లోపలి కడ్డీ, అంటే షాఫ్టు, చక్రాన్ని తిప్పడానికి మాత్రమే. షాఫ్టు విరిగితే బస్సు ఆగిపోతుంది, చక్రం మాత్రం ఎక్కడికీ పోదు. ఇలాంటి పాత కార్లలో షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, షాఫ్టే బరువు మోయాలి. అది విరిగిందంటే చక్రం తన దారి తాను చూసుకుంటుంది.

విరిగిన ముక్కను గుడ్డతో తుడిచి వెలుతురులో పట్టుకున్నాను. విరిగిన ముఖాన్ని చదవడం మా వృత్తిలో మొదట నేర్చుకునే చదువు. చక్రాన్ని బిగించే చీల కోసం చెక్కిన గాడి దగ్గర సగం మేర నల్లగా, నున్నగా ఉంది. మిగతా సగం ముతక చక్కెరలా మెరుస్తోంది. నల్లటిది పాత పగులు, మెరిసేది ఆ రోజు విరిగింది. అంటే షాఫ్టు ఒక్కరోజులో విరగలేదు, ఏళ్లతరబడి కొంచెం కొంచెంగా తెగుతూ వచ్చింది. మామూలుగా నడిచే కారుకు ఇంత అలసట రాదు. హౌసింగు మూత విప్పితే నూనెలో ఇనుపరజను ఉంది, పళ్ల చక్రం అంచులు రాలి ఉన్నాయి. చక్రం ఊడినప్పుడు నేలకు గుద్దుకుని హౌసింగు గొట్టం కూడా వంగింది. షాఫ్టు ఒక్కటే లేతు మీద తిప్పించి వేస్తే సరిపోదు. ఇరుసు మొత్తం మార్చాలి.

ఏ ఇరుసు వేయాలన్నది ప్రశ్న.

మహబూబ్ బీ ఆ సాయంత్రమే షెడ్డుకు వచ్చింది. పొట్టి మనిషి, గొంతు పెద్దది. “ఫోర్మన్ సాబ్, మా మియా ఈ గాడీల స్క్రూ కూడ బయటిది ఎయ్యనియ్యలే. దీని ఇరుసు దీనికే కావాలె. హైద్రాబాద్‌ల దొరుకుతది, నేను ఇన్న,” అంది. యాదగిరికి అది ఇష్టం లేదు. “బీబీ, అంబాసిడర్ ఇరుసు ఎయ్యిద్దాం. సామాన్ ప్రతి దుకాన్ల దొరుకుతది. బండి గాలి లెక్క ఉరుకుతది,” అన్నాడు. ఇద్దరూ నా ముఖం చూశారు. నాకు అంబాసిడర్ ఇరుసే సబబు అనిపించింది. కాని ఆ పాత పగులుకు కారణం ఇంకా దొరకలేదు. రోగం తెలియకుండా మందు మార్చడం నాకు అలవాటు లేదు. రెండు రోజులు ఆగమన్నాను.

కారణం పాత బస్టాండు దగ్గర దొరికింది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తుంటే ఒక పెళ్లి ఊరేగింపు అడ్డం వచ్చింది. ముందు బ్యాండు, దాని వెనక ఆడేవాళ్లు, వాళ్ల వెనక పెళ్లికొడుకు కూర్చున్న టాక్సీ. సైకిలు పక్కన పెట్టి దాని వెంబడి నడిచాను. టాక్సీ రెండు గజాలు కదలడం, ఆగడం, మళ్లీ రెండు గజాలు. మనిషి మెల్లగా నడిచే వేగం కూడా లేదు. మొదటి గేరులో సైతం ఆ బండి అంత నెమ్మదిగా పోలేదు కనుక డ్రైవరు క్లచ్చు సగం తొక్కి జార్చుతున్నాడు. మాడిన వాసన మల్లెపూల వాసనను మింగేసింది. ఆపైన పెళ్లికొడుకు దోస్తులు నలుగురు వెనక బంపరు మీద ఎక్కి దరువుకు తగ్గట్టు ఎగురుతున్నారు. బండి కదిలిన ప్రతిసారీ ఒక కుదుపు. ప్రతి కుదుపూ ఇరుసు షాఫ్టుకు ఒక దెబ్బ.

పచ్చకారు ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే. అది కారులా పరుగెత్తింది తక్కువ, పల్లకిలా నడిచింది ఎక్కువ.

దీనికి కావలసిన ఇరుసు ఎలాంటిదో అక్కడే తేలిపోయింది. ఇంజను నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందో దాన్ని నిష్పత్తి అంటాం. పచ్చకారు పాత ఇరుసులో అది నాలుగుకు కొంచెం తక్కువ. ఆ అంకె పెరిగితే బండి నెమ్మదిస్తుంది, లాగే బలం పెరుగుతుంది. ఐదు దాటిన నిష్పత్తి దొరికితే, క్లచ్చు మీద కాలు పెట్టకుండానే మొదటి గేరులో బ్యాండు వెనక నడిపించవచ్చు. కుదుపులుండవు. కుదుపులు లేకపోతే పగులూ రాదు.

నా వారపు సెలవు రోజున మహబూబ్ బీ, యాదగిరి, నేను మా డిపో బస్సులోనే హైదరాబాదు వెళ్లాం. పాత బండ్లను విప్పి అమ్మే బజారు అది. ఇరుసులు చెరుకుగడల్లా గోడకు ఆనించి ఉంటాయి. రెండో దుకాణంలోనే మహబూబ్ బీ కోరుకున్నది కనిపించింది. అదే కంపెనీ, అదే నమూనా. ఆవిడ కొంగుతో దాని మీద దుమ్ము తుడిచి, కంపెనీ గుర్తు చూసి, “ఇగో! నేను చెప్పలే?” అంది. ముఖం వెలిగిపోయింది.

నేను షాఫ్టు బయటికి తీయించాను. దాన్ని కిరసనాయిల్లో తడిపి, కాసేపటికి పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రాశాను. పగులంటూ ఉంటే లోపలికి దూరిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి సుద్దను తడుపుతుంది. పరికరాలు లేనిచోట మేము చేసే పరీక్ష ఇది. అంతలో దుకాణదారు తెప్పించిన చాయ్ వచ్చింది. చాయ్ అయిపోయేసరికి తెల్లటి సుద్ద మీద, సరిగ్గా చీల గాడి మూలలో, వెంట్రుకంత నల్లటి గీత తేలింది.

మహబూబ్ బీ వంగి ఆ గీతను చూసింది. వేలితో సుద్దను తుడిచేసింది. మళ్లీ రాయమంది. మళ్లీ రాశాను. మళ్లీ అదే చోట అదే గీత.

“దీని ఖాందానే గింత, వంశమే గట్ల,” అంది చివరికి. దుకాణదారు కూడా నవ్వాడు. కాని ఆవిడ ఆ ఇరుసు దగ్గర నుంచి వెంటనే కదల్లేదు. నేనూ తొందరపెట్టలేదు.

పక్క దుకాణంలో అంబాసిడర్ ఇరుసు మంచిది ఉంది. పళ్లు చెక్కుచెదరలేదు. యాదగిరి దాన్ని అప్పుడే భుజానికెత్తుకునేలా ఉన్నాడు. కొలత పెడితే పచ్చకారుకు కావలసినదానికంటే రెండు వైపులా కురచ. అది సర్దుకోవచ్చు. నిష్పత్తి మాత్రం పాతదానికంటే కొంచెమే నయం, నేను కోరుకున్నంత కాదు. పైగా పచ్చకారు దానికంటే బరువైన బండి. వద్దన్నాను. యాదగిరి ముఖం మాడ్చుకున్నాడు.

మధ్యాహ్నం దాకా తిరిగాం. బజారు చివర ఒక పాలవ్యాను సగం విప్పి ఉంది. పక్కన రేకు మీద ఆవుబొమ్మ ఇంకా చెరగలేదు. దాని కింద దూరి చూశాను. ఇరుసు గట్టిది, పాలడబ్బాల బరువు మోసింది. పళ్ల చక్రాలుండే గుండు సరిగ్గా మధ్యలోనే ఉంది. జీపుల్లో అది ఒక పక్కకు ఉంటుంది, అలాంటిది మాకు పనికిరాదు. కొలిస్తే వెడల్పు మాకు కావలసినదానికంటే వేలెడు మాత్రమే ఎక్కువ. చక్రాల మీద, ఇంజను వైపు పొడవాటి షాఫ్టు మీద సుద్దతో గుర్తులు పెట్టాను. యాదగిరిని ఒక చక్రం దగ్గర, దుకాణం మనిషిని రెండో చక్రం దగ్గర నిలబెట్టి, ఇద్దరినీ ఒకేసారి సరిగ్గా ఒక చుట్టు తిప్పమన్నాను. నేను ఆ పొడవాటి షాఫ్టు చుట్లు లెక్కపెట్టాను. ఐదు దాటి మరికొంత తిరిగి ఆగింది. తర్వాత చక్రాల షాఫ్టులు రెండూ తీయించి సుద్ద పరీక్ష చేశాను. ఏ గీతా తేలలేదు.

“ఇదే,” అన్నాను.

“పాలబండిదా!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. వాళ్లిద్దరూ ఒక్కమాట మీదికి రావడం ఆ రోజు అదే మొదలు.

యాదగిరి వాదన యాదగిరిది. “సార్, గీ ఇరుసు ఏస్తె బండి ఉరకది. ఎడ్లబండోడు కూడ నన్ను దాటేసి పోతడు. ఇజ్జత్ పోతది.” మహబూబ్ బీ బాధ వేరు. పెళ్లికొడుకులు కూర్చునే గాడీకి పాలబండి కాళ్లా అని. నేను పాత బస్టాండు దగ్గర చూసింది చెప్పాను. క్లచ్చు వాసన, బంపరు మీద ఎగిరేవాళ్లు, కుదుపులు, నల్లటి పగులు, అన్నీ వరసగా చెప్పాను. మహబూబ్ బీ కొంతసేపు ఆవుబొమ్మ వైపు చూసి, యాదగిరి వైపు తిరిగింది.

“అరే యాదగిరీ, నీ పెండ్లికి ఏ గాడీ ఎక్కినవ్?”

“గిదే బండి బీబీ. మీ సాబ్ నడిపిండు గదా.”

“ఎంత జోరుగ పోయినవ్?”

యాదగిరి తల గోక్కున్నాడు. “జోరేంది బీబీ. ఊరంత తిరిగెటాలకు పొద్దుగూకింది.”

“మరి?” అందావిడ. అంతటితో ఇరుసు ఎంపిక అయిపోయింది. ఆవుబొమ్మ ఉన్న రేకు కూడా ఉచితంగా ఇస్తానని దుకాణదారు అన్నాడు. మహబూబ్ బీ అతనికి ఉర్దూలో ఏదో గట్టి జవాబే చెప్పింది. నాకు సగమే అర్థమైంది.

బిగించే పని నా సాయంత్రాలన్నీ తినేసింది. చాలామంది ఇరుసు మార్పిడి అంటే పాతది విప్పి కొత్తది ఎక్కించడమే అనుకుంటారు. అసలు పని మధ్యలో ఉంటుంది. కుదుపులను మింగే కమాన్ పట్టీల మీద ఇరుసు కూర్చునే చోట పీటల్లాంటి దిమ్మలుంటాయి. వ్యాను దిమ్మలు కారు పట్టీలకు సరిపోవు. వాటిని కోసి, కొత్త చోట అతకాలి. అతికే ముందు, పొడవాటి షాఫ్టు వచ్చి తగిలే ఇరుసు మూతి ఎంత పైకి చూడాలో లెక్క చూసుకోవాలి. ముందున్న గేరుపెట్టె వాలు, వెనక ఇరుసు మూతి వాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండకపోతే మధ్య షాఫ్టు వణుకుతుంది, కీళ్లు అరిగిపోతాయి. బండి బరువు పట్టీల మీద పడ్డాకే ఆ వాలు కొలవాలి. అందుకని దిమ్మలకు ముందు చిన్న అతుకులు మాత్రమే వేయించి, బండిని దించి, వెనక సీట్లో యాదగిరినీ, షెడ్డులో దొరికిన మరో ఇద్దరినీ కూర్చోబెట్టి కొలిచాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి కుదిరింది. అప్పుడు పూర్తి వెల్డింగు. అదీ ఒకేచోట ఆపకుండా వేస్తే వేడికి గొట్టం వంగుతుంది. ఎడమ కొంచెం, కుడి కొంచెం, మధ్యలో ఆరనిస్తూ వేయించాను.

బ్రేకులు ఇంకో చిక్కు. వ్యాను వెనక బ్రేకులు బరువుకు తగ్గట్టు గట్టివి. వాటిని అలాగే ఉంచితే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేసుకుని బండి పక్కకు జారుతుంది. చక్రాల దగ్గరుండే బ్రేకు సిలిండర్లను చిన్నవాటితో మార్చాను. ఇలాంటి మార్పు చేసిన బండిని రోడ్డెక్కించే ముందు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఆయన ఖాళీ జాగాలో స్వయంగా నడిపి, బ్రేకు వేసి, దిగి నేల మీద చక్రాల జాడలు చూశారు. నాలుగూ తిన్నగా ఉన్నాయి. మార్పు నమోదు చేస్తూ, ఇది ఏ బండి ఇరుసని అడిగారు. చెప్పాను. అయితే ఊరేగింపులో పాలు కూడా తొణకవన్నమాట అన్నారు.

వ్యాను చక్రాల బోల్టు రంధ్రాలు వేరు కాబట్టి వెనక చక్రాలు కూడా వ్యానువే వేయాల్సి వచ్చింది. దాంతో ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి, రెండు స్టెప్నీలు. వాటికీ పచ్చరంగు పూయించింది మహబూబ్ బీ. యాదగిరి మాత్రం ఇంకా మాట్లాడటం లేదు. అడిగిందానికి ఊ, ఆ అనేవాడు. పరీక్షగా కరీంనగర్ రోడ్డు మీదికి వెళ్లినప్పుడు అతని గొంతు తెరుచుకుంది.

“సార్! అరవై చూపెడుతుంది సార్!”

చూపిస్తుంది మరి. వేగం చూపే ముల్లు గేరుపెట్టె నుంచి నడుస్తుంది. వెనక ఇరుసు నిష్పత్తి మారిన సంగతి దానికి తెలియదు. ఇంజను పక్క షాఫ్టు ఎక్కువ చుట్లు తిరుగుతోంది కనుక, బండి ఉన్న వేగం కంటే ఎక్కువే చూపిస్తుంది. ఇన్‌స్పెక్టరు దగ్గర మాట రాకూడదని ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాను. ముల్లును నడిపే గేరు మార్పించేదాకా దాన్ని నమ్మొద్దని ఇప్పుడు యాదగిరికి వివరించాను. అతను శ్రద్ధగా విన్నాడు. తర్వాత, “గేరు గిప్పుడే మార్పియ్యాల్నా సార్? జర్ర పెండ్లయినంక చూద్దాం,” అన్నాడు. ఆ క్షణంలోనే ఒక లూనా మోపెడు మమ్మల్ని దాటి పోయింది. అతను ముల్లునే చూస్తున్నాడు.

పెళ్లి నాడు నేనూ నంగునూరు వెళ్లాను. పిలిచారని మాత్రమే కాదు. సిద్దిపేట నుంచి ప్రయాణం కంటే, ఊరి మొదట్లో జరిగే ఎదురుకోళ్ల దగ్గర నుంచి పందిరి దాకా ఉన్న నడకే ఆ ఇరుసుకు అసలు పరీక్ష. అందులో చివరన ఒక ఎత్తు ఉంది.

ఎండ వాలుతున్న వేళ. టాపు మడిచేశారు. నర్సింలు తానే కుట్టుకున్న క్రీము రంగు సూటు వేసుకుని, ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తనంతట తాను ఎక్కి వెనక సీటులో కూర్చున్నాడు. బ్యాండు మొదలైంది. యాదగిరి మొదటి గేరు వేసి క్లచ్చు వదిలాడు. బండి ఒక్క కుదుపు కూడా లేకుండా, నీళ్ల మీద తేలినట్టు కదిలింది. కాలు తీసేసి పక్కన పెట్టుకున్నాడు. ఆడేవాళ్లు ఒక అడుగు వేస్తే బండి ఒక అడుగు.

నేను బండి వెనక నడుస్తున్నాను. నా కళ్లు పెళ్లికొడుకు మీద లేవు. అతికిన దిమ్మల మీదున్నాయి. నాలుగడుగులకొకసారి వంగి కింద చూసేవాణ్ణి, చెవి పెట్టి వినేవాణ్ణి. పెళ్లికూతురి వైపు ముసలమ్మ ఒకావిడ నన్ను చాలాసేపు గమనించి, దగ్గరికి వచ్చి భుజం తట్టింది.

“ఏం పోయింది బిడ్డా? ఉంగురమా?”

“ఏం పోలేదవ్వా. ఇరుసు చూస్తున్న.”

“పెండ్లికొచ్చి పిలగాన్ని చూస్తరు గాని, ఇరుసు చూస్తరా?” అని ఆశ్చర్యపోయి, పోయి నలుగురికి చెప్పింది. ఆ నలుగురూ వచ్చి వంగి ఇరుసు చూశారు.

నేను భయపడ్డది ఎత్తు మొదట్లో జరిగింది. పెళ్లికూతురి ఊరి కుర్రకారు ఐదారుగురు ఒక్కసారిగా వెనక బంపరు మీదికి ఎక్కి ఎగరడం మొదలుపెట్టారు. కమాన్ పట్టీలు కిందికి వంగాయి. పాత ఇరుసు అయితే ఇక్కడ క్లచ్చు జార్చి, ఇంజను గట్టిగా ఎగదోసి, ఒక్క గుంజు గుంజాలి. యాదగిరి వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. దిగమని అరుద్దామని నోరు తెరిచాను. ఇంజను శబ్దం కొంచెం బరువెక్కింది తప్ప మారలేదు. చక్రాలు అదే నడకతో ఎత్తు ఎక్కుతున్నాయి. నేను నోరు మూసుకున్నాను. కుర్రాళ్లు ఎగురుతూనే ఉన్నారు, బండి ఎక్కుతూనే ఉంది. బ్యాండువాళ్లే ఎత్తులో ఆయాసపడి పాట ఆపారు. బండి వాళ్ల వీపుల దగ్గరిదాకా వెళ్లి, వాళ్లు మళ్లీ ఊదేదాకా ఓపికగా ఆగింది.

ముందు సీట్లో ఉన్న మహబూబ్ బీ అప్పుడు వెనక్కి తిరిగి, అంత జనంలో, అంత గోలలో, “ఫోర్మన్ సాబ్! పాలబండి జిందాబాద్!” అని అరిచింది. అందరూ దాన్ని పెళ్లి ముచ్చటే అనుకుని అందుకున్నారు. పందిరి దాకా అదే నినాదం. పెళ్లికూతురి తండ్రి మాత్రం ఏమీ అర్థంకాక, పెళ్లికొడుకు వాళ్లు పాల వ్యాపారం చేస్తారా అని నన్ను అడిగాడు.

పందిరి ముందు బండి ఆగింది. ఇద్దరు బావమరుదులు ఎత్తుకోవడానికి చేతులు చాచారు. నర్సింలు తల అడ్డంగా ఊపి, తలుపు తెరుచుకుని, కర్ర నేల మీద ఊని దిగాడు. సూటు సర్దుకున్నాడు. పందిట్లోకి తన నడకతో తాను నడిచి వెళ్లాడు. బ్యాండు అతని నడక వేగానికి తగ్గి వాయించింది. అప్పుడు ఇరుసు సంగతి నేనూ మరిచిపోయాను.

ఆ ఇరుసు నేను 1992లో బదిలీ మీద వెళ్లేదాకా మళ్లీ షెడ్డు మొహం చూడలేదు. నూనె మార్చడం, బ్రేకు లైనింగులు వేయడం తప్ప దానికి చేయాల్సిందేమీ రాలేదు. క్లచ్చు పలకలు కూడా పాతకాలం కంటే ఎక్కువ మన్నాయని యాదగిరి చెప్పేవాడు. అతను ముల్లు గేరు మాత్రం ఎన్నడూ మార్పించలేదు. మహబూబ్ బీ ఎవరైనా అడిగితే, కారు మొత్తం అసలుదేనని, ఒక్క కాళ్లు మాత్రం పాలు తాగి పెరిగినవని చెప్పేది.

వృత్తిపరంగా నేను నేర్చుకున్నది ఇది. అసలు కంపెనీ భాగమైనంత మాత్రాన అది మంచిదని కాదు. బజారులో సులువుగా దొరికినంత మాత్రాన సరైనదీ కాదు. బండి రోజూ చేసే పనిని దగ్గర నిలబడి చూసినవాడే దానికి తగిన భాగాన్ని ఎంచగలడు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి డిపోలో, ఏ బస్సుకైనా ఒకే భాగం రెండుసార్లు విరిగితే మూడోది బిగించే ముందు ఆ బస్సు రూటులో ఒక పూర్తి ట్రిప్పు వెళ్లి రమ్మని చార్జ్‌మన్‌ను పంపేవాణ్ణి. కారణం చాలాసార్లు గ్యారేజీలో కాదు, రోడ్డు మీదే దొరికేది.